పుట్టింటి గాలి

మిట్టమధ్యాహ్నం మేడ మీద చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి దోపుకుని, జాకెట్ చేతులు భుజాల దాకా మడిచి, పిట్టగోడకు ఆనుకుని నిలబడింది యశోద. పక్క అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి ఒకావిడ బట్టలారేసే నెపంతో తొంగి చూస్తోంది. చూస్తే చూడనీ అన్నట్టు యశోద ఆవిడ వైపే తిరిగి నిలబడింది. సిగ్గుపడే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

"మారిందా?" అని అడిగింది.

చెల్లెలు హైమవతి చేతిలో బస్సు టికెట్టంత తెల్లకార్డు ఉంది. పనికొచ్చే ఎండ తగిలితే ఆ కార్డు ఊదారంగుకు తిరగాలి. వాళ్లు మేడ ఎక్కినప్పటి నుంచీ అది తెల్లగానే ఉంది.

"మారలేదక్కా."

"నెత్తి పగిలిపోతున్నది గదనే ఎండకు! ఇంకెట్ల మారదు?"

"వేడి ఉన్నది, వెలుగున్నది. అండ్ల సరుకు లేదు."

హైమ తలెత్తి చూసింది. మల్కాజిగిరి మీద ఆకాశం కొన్నేళ్లుగా ఎట్లా ఉంటోందో అట్లాగే ఉంది, పాత స్టీలు పళ్లెం రంగులో. సూర్యుడు అందులోంచి కనిపిస్తాడు, కాలుస్తాడు, చెమట పట్టిస్తాడు. ఒంట్లో డి విటమిన్ పుట్టించే కిరణం మాత్రం ఆ దుమ్ము, పొగల దుప్పటిని దాటి కిందికి రాదు. ఈ సంగతి మీదే హైమ ఒక ప్రయోగశాలలో పదేళ్లుగా పని చేస్తోంది. అయినా టీవీలో ఎవరో ఒక డాక్టరు నవ్వుతూ "రోజూ కాసేపు ఎండలో నిలబడండి" అన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోతుంది. ఈ తెల్లకార్డు తీసుకెళ్లి ఆ మొహం మీద అతికించాలనిపిస్తుంది.

మాత్రలు మింగలేదా అంటే, యశోద డబ్బాలు డబ్బాలు మింగింది. డి విటమిన్‌కు కొవ్వంటే మహా ఇష్టం. ఒంట్లో పడగానే పోయి కొవ్వులో దూరి కూర్చుంటుంది, రక్తంలోకి రమ్మంటే రాదు. సన్నటి మనిషికి సరిపోయే మాత్ర యశోద లాంటి భారీ మనిషిలో ఎటు పోయిందో తెలియకుండా పోతుంది. ఎముకలు మెత్తబడ్డాయి. దసరా ముందు వంటగదిలో నేల మీది గిన్నె తీయబోయి వంగితే పాదంలో ఎముక పటుక్కుమంది. అప్పటి నుంచి నొప్పి తుంటి దాకా పాకింది. తుంటి పట్టుకుని, అటూ ఇటూ ఊగుతూ నడుస్తోంది.

డాక్టర్లందరిదీ ఒకటే మాట. బరువు తగ్గాలి. బరువు తగ్గాలంటే నడవాలి. నడవాలంటే ఎముక గట్టిపడాలి. ఎముక గట్టిపడాలంటే బరువు తగ్గాలి. ఈ గుండ్రంలో యశోదను నిలబెట్టి, తర్వాతి పేషెంటును పిలిచేవాళ్లు.

"నన్ను సన్నగ చెయ్యమని నేనెవర్నన్న అడిగిన్నా?" అంది యశోద మెట్లు దిగుతూ. ఒక్కో మెట్టుకూ రెండు కాళ్లూ ఆనించి దిగుతోంది. "పొయ్యి కాడ నిలబడితే చాలు నాకు. గంతే."

కింద రోడ్డు వైపు గదికి షట్టర్ దించి ఉంది. షట్టర్ మీద పసుపు రంగులో 'యశోద కర్రీ పాయింట్' అని రాసి ఉంది, కింద చిన్న అక్షరాల్లో వంకాయ, దొండకాయ, పప్పు, చికెన్ అని. కాలనీలో సగం ఇళ్లకు సాయంత్రం కూర అక్కడి నుంచే వెళ్లేది. ఇప్పుడు ఆ షట్టర్ ముందు ఎవరో బండి పార్కింగ్ చేసుకుంటున్నారు. యశోద భర్త విఠల్ లిఫ్టు మెకానిక్, మంచివాడే. "ఇంట్ల కూసో రాదు, ఎవరొద్దన్నరు?" అంటాడు. ఆ మాటకే ఆమెకు ఎక్కడ లేని కోపం వస్తుంది.

*

ప్రయోగశాలలో దాన్ని అందరూ తాళంచెవి అనేవాళ్లు. చూడటానికి అరచేతి వెడల్పు పట్టీ. పొట్ట మీద అంటిస్తే లోపలి వైపున్న వెంట్రుకల్లాంటి సూదులు నొప్పి తెలియకుండా చర్మంలో దిగుతాయి. వాటిలోంచి ఒక పదార్థం కొద్దికొద్దిగా కొవ్వు కణాలను చేరి, వాటి తలుపు తెరుస్తుంది. లోపల ఏళ్ల తరబడి దాక్కున్న డి విటమిన్ రక్తంలోకి నడిచి వస్తుంది. ఎండా వద్దు, మాత్రా వద్దు.

"కొవ్వును కరిగించనక్కర్లేదు. తలుపు తీస్తే చాలు," అని డైరెక్టర్ చక్రపాణి ఎవరొచ్చినా చెప్పేవారు. ఆ వాక్యం ఆయనకెంత నచ్చిందంటే, చెప్పిన ప్రతిసారీ చేత్తో తలుపు తీసి చూపించేవారు. కానీ ఆలోచన మాత్రం హైమది.

మొదటి ప్రయోగానికి నలభై మంది ఆడవాళ్లను ఎంచుకున్నారు. అందరూ బరువైన వాళ్లే, అందరికీ ఎముకల నొప్పులే. ఒక్కొక్కరు ఎంత చెడ్డ గాలి పీలుస్తున్నారో తెలియాలి కాబట్టి వాళ్ల ఇళ్ల మేడల మీద గాలిని కొలిచే పెట్టెలు బిగించారు. ఏం తింటారు, ఎంత సేపు బయట ఉంటారు, పొయ్యి గ్యాసా కట్టెలా, అన్నీ అడిగారు. ఇల్లెక్కడ అని అడిగారు. ప్రశ్నలన్నీ హైమే రాసింది.

ప్రయోగశాలలో పనిచేసేవాళ్ల బంధువులు ప్రయోగంలో ఉండకూడదని నియమం. హైమ కొన్నాళ్లు ఆగింది. ఆ తర్వాత ఒకరోజు యశోద బాత్రూంలో కూర్చుని లేవలేక, గంటసేపు తలుపు లోపల ఒక్కతే ఏడ్చిందని విఠల్ ఫోన్ చేశాడు. మర్నాడే హైమ ఆ నలభై మందిలో అక్క పేరు చేర్చింది. యశోద ఇంటిపేరు అత్తవారిది, హైమది పుట్టింటిది. ఇల్లు మల్కాజిగిరి. పుట్టిల్లు ఎక్కడని ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లని ఎవరికీ తెలియలేదు.

*

పట్టీ పెట్టిన నెలన్నరకు యశోద ఫోన్ చేసి ఏమీ చెప్పకుండా నవ్వింది.

"ఏందక్కా?"

"మెట్లెక్కిన. మామూలుగ, మనిషి ఎక్కినట్టు ఎక్కిన."

షట్టర్ లేచింది. బండి పెట్టుకునేవాడికి యశోద చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పి పంపించింది. హైమ ఆదివారం వెళ్లేసరికి పొయ్యి మీద బాండీలో గుత్తి వంకాయలు మగ్గుతున్నాయి. యశోద ఒక చేత్తో గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో కవర్లో పప్పు పోసి ముడి వేస్తూ, ఎదురుగా ఉన్న ముగ్గురితో ఒకేసారి మాట్లాడుతోంది. బరువేం తగ్గలేదు. అదే మనిషి, అదే ఒళ్లు. కానీ ఆ ఒళ్లు ఇప్పుడు ఆమె చెప్పిన మాట వింటోంది.

"ఏమ్మా చెల్లె, నీ పట్టీ పుణ్యమా అని మా ఇంట్ల మళ్ల కూరొండే బాధ తప్పింది," అన్నాడు పక్కింటి ముసలాయన.

జీవితంలో తాను చేసిన పని ఒకటి కళ్లెదుట గరిటె పట్టుకుని నిలబడటం హైమకు అదే మొదటిసారి. ఆ రోజు రెండు కూరలు ఎక్కువ తింది.

అన్నం తిన్నాక చేయి కడుక్కుంటుంటే యశోద దగ్గరగా వచ్చి నెమ్మదిగా అంది. "హైమా, నోరు ఒక తీరుగ ఉంటున్నదే. ఏం తిన్నా వైరు కాల్చిన వాసన."

"గ్యాస్ అయి ఉంటది."

"గ్యాస్ వాసన నాకు తెల్వదా? ఇది వైరు కాల్చిన వాసన. నాకు తెల్వని వాసనా అది?"

హైమ ఆ మాటను పట్టించుకోలేదు. మందు మొదలుపెట్టినప్పుడు నోటి రుచి మారడం మామూలేనని చెప్పింది. చక్రపాణి కూడా అట్లాగే రాసుకున్నారు, 'రుచిలో స్వల్ప మార్పు' అని.

*

ఇంకో నెల గడిచింది. యశోదకు తల దువ్వుతూ హైమ ఆగిపోయింది. చిన్నప్పుడు అక్క తనకు దువ్వేది, ఇప్పుడు తీరిక దొరికినప్పుడల్లా తాను అక్కకు దువ్వుతుంది. జుట్టు పక్కకు తీస్తే చెవుల వెనక, దవడ కింద, గింజల్లాంటి నల్లటి మొటిమలు గుంపుగా ఉన్నాయి.

"ఇవెప్పటి నుంచి?"

"ఏమో. దురద లేదు, నొప్పి లేదు." యశోద వేలితో తడుముకుంది. తడుముతూ ఉండగానే ఆమె చేయి నెమ్మదించింది. "నాయినకుండేటివి గదనే ఇసొంటివి."

దువ్వెన హైమ చేతిలోంచి జారిపోయింది.

వాళ్ల పుట్టిల్లు రాగిగల్లిలో ఉండేది. ఊరి చివర పాత సామాన్ల బస్తీ. పాత కేబుళ్లు, మోటార్లు, ఫ్రిజ్‌ల వైర్లు మూటలు మూటలుగా వచ్చేవి. వాటిని గల్లీ మధ్యలో కుప్ప పోసి కాల్చితే పై ప్లాస్టిక్ కాలిపోయి లోపలి రాగి మిగిలేది. వాళ్ల నాయిన పని అదే, గల్లీలో అందరి పనీ అదే. గల్లీలో మగవాళ్లందరి చెవుల వెనకా ఆ నల్ల మొటిమలుండేవి. వాటిని రాగిపూత అని పిలుచుకుని నవ్వుకునేవాళ్లు.

హైమకు ఆ పొగ పడేది కాదు. చిన్నప్పుడే ఆయాసం పట్టుకుంది. ఈ పిల్ల ఇక్కడుంటే బతకదని ఆమెను గురుకులం బడికి పంపించేశారు. యశోద దగ్గేది కాదు. దగ్గని పిల్లను ఎవరు ఎక్కడికి పంపిస్తారు? ఇనుప చువ్వ పట్టుకుని నాయిన పక్కన కూర్చుని మండే వైర్లను తిరగేసేది. పెళ్లయి మల్కాజిగిరి వచ్చే దాకా అదే పని.

ఆ పొగలో ఉండే విషాల గుణం హైమకు తెలుసు. ఆ చదువు చదివిన వాళ్లందరికీ తెలుసు. వాటికి కూడా కొవ్వంటే మహా ఇష్టం. ఒంట్లో పడగానే పోయి కొవ్వులో దూరి కూర్చుంటాయి. దశాబ్దాలైనా కదలవు.

తాళంచెవి తలుపు తెరిచింది. లోపల ఎవరెవరున్నారో అడగకుండా తెరిచింది.

ఇన్నేళ్లుగా డాక్టర్లు, చుట్టాలు, బాల్కనీ ఆవిడ, చివరికి యశోద కూడా తిట్టుకున్న ఆ ఒళ్లు, ఆ పొగనంతా తనలో బిగించి పట్టుకుని ఆమెను కాపాడుతూ వచ్చింది. హైమ నేల మీద దువ్వెన వెతుకుతున్నట్టు వంగి, మొహం దాచుకుంది.

*

రక్తం పరీక్ష ఫలితం ఆమె అనుకున్నట్టే వచ్చింది. డి విటమిన్ నిండుగా ఉంది. దాంతో పాటు రాగిగల్లి కూడా వచ్చింది. కాలేయం అప్పటికే వాచింది. పట్టీ ఇంకొన్ని నెలలు ఉంటే అది మళ్లీ కోలుకోదు.

మిగతా వాళ్ల ఫలితాలు తిరగేస్తే ఇంకో నలుగురిలో అదే తీరు. ఆ నలుగురి మేడల మీది పెట్టెలూ మిగతావాళ్ల పెట్టెలతో పెద్ద తేడా లేని లెక్కలే చూపించాయి. హైమ ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది.

"పుట్టిల్లా? ఇప్పుడదెందుకమ్మా?" అంది ఒకావిడ. ఆమెది పాత టైర్లు కాల్చే బట్టీ పక్కన. ఇంకొకరిది ప్లాస్టిక్ కరిగించే బస్తీ. మూడో ఆమె నాయిన చెత్త తగలబెట్టే డంపుయార్డు దగ్గర కాపలాదారు. నాలుగో ఆమె పుట్టిల్లు గుర్తు చేసినందుకే ఏడ్చింది, ఎందుకో చెప్పలేదు.

ఫోన్ పెట్టేసి హైమ తలపట్టుకుంది. ప్రయోగశాలలో సగం మంది ఆడవాళ్లే. అందరికీ పుట్టిల్లు ఉంది. పండక్కి, పురిటికి పోయొస్తారు, అక్కడి పచ్చళ్లు తెచ్చుకుంటారు, అక్కడివాళ్లను ఎవరైనా మాటంటే పడరు. అయినా ఇల్లెక్కడ అని అడిగితే ఆడమనిషి అత్తగారిల్లే చెబుతుంది, అడిగినవాళ్లు అదే రాసుకుంటారు. ఇరవై ఏళ్లు పీల్చిన గాలిని అక్కడే వదిలేసి, పెళ్లినాడు ఉత్త ఊపిరితిత్తులతో వచ్చినట్టు, పెట్టెలన్నీ తీసుకెళ్లి అత్తవారి మేడల మీద కట్టారు. ప్రశ్నలు రాసింది తానే. తనకూ తట్టలేదు.

చక్రపాణి అంతా విన్నారు. ఆయన కోస్తా వైపు మనిషి, గొంతు పెంచరు.

"ఆ మొటిమలు వాళ్ల నాన్నగారికీ ఉండేవని నీకెలా తెలుసు? ఆవిడ నాన్నగారు కదా?"

హైమ తల దించుకుని ఫలితాల కాగితాలు సర్దసాగింది.

"మీ అక్కా!" ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నియమం రాసింది నువ్వూ నేనూ కూర్చుని కదమ్మా."

"తప్పే సార్. నన్ను తీసెయ్యండి. ముందు పట్టీలు తీయించండి."

"ఆ ఐదుగురివీ ఈ పూటే తీయిస్తాను. అందులో సందేహమేం లేదు. మిగతా ముప్పై ఐదుగురు బ్రహ్మాండంగా ఉన్నారు. వాళ్లవి ఎందుకు తీయాలి?"

"అంటే తర్వాత?"

"తర్వాత ఏముంది? ఒక ప్రశ్న చేరుస్తాం, పుట్టిల్లెక్కడ అని. అలాంటి చోట పుట్టినవాళ్లను తీసుకోం. అంతే కదా, ప్రమాదం పోయింది."

"సార్, ఆ విషాలను పట్టుకునేదేదైనా కనిపెట్టాలి. తలుపు తీసేముందు గడపలో వలేదైనా పట్టాలి. నాకు టైమివ్వండి."

"పట్టీ తయారుచేసే కంపెనీ వాళ్లు రెండో ప్రయోగానికి సిద్ధంగా ఉన్నారమ్మా. మన కోసం ఎన్నేళ్లు కూర్చుంటారు?"

"పొగల పుట్టినోళ్లకే ఇది ఎక్కువ కావాలి సార్! వాళ్లే ఇప్పటికీ ఎండ రాని చోట ఉంటున్నరు. వాళ్ల ఎముకలే విరుగుతున్నయి. వాళ్లకు లేకుంటే మరి ఇదెవరికి?"

కోపం వస్తే హైమకు రాగిగల్లి మాట వచ్చేస్తుంది. చక్రపాణి దానికి జవాబు చెప్పలేదు. నిజానికి ఆయన తప్పుడు మనిషి కాదు, అదే హైమకు మరీ చిరాకు. తిట్టడానికి వీలైన మనిషి ఎదురుగా ఉంటే కొంచెం బాగుండేది. వారం తిరగ్గానే ఆమెను పరిశోధన నుంచి తప్పించి, రెండో ప్రయోగానికి ఆడవాళ్లను చేర్చుకునే పనిలో వేశారు.

*

పట్టీ తీయడానికి హైమే వెళ్లింది. యశోద పొయ్యి దగ్గర ఉంది. విషయమంతా నిలబడే విన్నది, గరిటె తిప్పుతూనే విన్నది.

"తియ్యకు," అంది.

"లివర్ పోతదక్కా."

"పోతే పోనీ. అది లోపలుంటది, ఎవరికి కనబడది. కాళ్లు బయటుంటయి."

"పిచ్చి మాటలు మాట్లాడకు. నువ్వు సచ్చిపోతవ్."

యశోద పొయ్యి ఆపింది. వెనక్కి తిరిగి చెల్లెలిని చూసింది. "ఆ పొగ నేను చిన్నప్పటి సంది మింగిన. అప్పుడు వద్దని ఒక్కలన్న చెప్పిన్రా? నిన్ను పంపిచ్చిన్రు, మంచిదే, నువ్వు బతికినవ్. నన్ను ఎవరు ఆపలే. ఇప్పుడు నేను నిలబడుతుంటే అందరు ఆపెటోళ్లే. నా ఒళ్లు నీకు గోదామానే? నీ ఇష్టమొచ్చినప్పుడు తీస్తవ్, నీ ఇష్టమొచ్చినప్పుడు మూస్తవ్?"

విఠల్ వచ్చి, బతిమాలి, చివరికి చేతులు జోడిస్తే, యశోద తానే చీర పక్కకు జరిపి పట్టీని ఒక్క లాగు లాగి పొయ్యి గట్టు మీద పడేసింది. పొట్ట మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు తేలాయి. దూది తెచ్చి అద్దబోయిన చెల్లెలి చేతిని తోసేసింది.

నల్ల మొటిమలు తగ్గాయి. నోట్లో వైరు వాసన పోయింది. విషం వెనక్కి పోయి మళ్లీ కొవ్వులో కూర్చుంది, దాంతో పాటే డి విటమిన్ కూడా కూర్చుంది. చలికాలం వచ్చేసరికి షట్టర్ మళ్లీ దిగింది. హైమ ఫోన్ చేస్తే విఠల్ ఎత్తేవాడు. "పండుకున్నదమ్మా," అనేవాడు, ఏ వేళకు చేసినా.

హైమ తన ఇంటి మేడ మీద ఒక్కతే కార్డు పట్టుకుని నిలబడేది. కార్డు మారేది కాదు. గడపలో వల ఎట్లా కట్టాలో కాగితాల మీద గీస్తూ, కొట్టేస్తూ కూర్చునేది. పనికొచ్చే ఆలోచన ఒకటి వచ్చింది కూడా. దాన్ని పరీక్షించడానికి ఆమెకు ప్రయోగశాల లేదు.

*

రెండో ప్రయోగానికి చేర్చుకోవడం ఘట్‌కేసర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పెళ్లి కుర్చీలు, గోడలకు వాడిపోయిన పూల తోరణాలు. మొదటి ప్రయోగం పేర్లు గోప్యమని కంపెనీకి ఇవ్వలేదు, కాబట్టి వాళ్ల లెక్కలో ఈసారి అందరూ కొత్తవాళ్లే. హైమ ఒక బల్ల వెనక కూర్చుని స్క్రీన్ మీద వివరాలు నింపుతోంది. వెనకాల కంపెనీ సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని తిరుగుతున్నాడు.

మొదటి గంటలో ఐదారుగురిని పుట్టింటి ప్రశ్న దగ్గర వెనక్కి పంపాల్సి వచ్చింది. రెండో గంటకల్లా అసలు అట్లాంటి వాళ్లే రాలేదు. క్యూలో మాట పాకిపోయింది. ఇక వచ్చిన ప్రతి మనిషీ అడవుల్లో, వాగుల ఒడ్డున, పచ్చటి పొలాల మధ్య పుట్టినవాళ్లే. ఒకావిడ తన ఊరి పేరు చెప్పబోయి, మర్చిపోయి, వెనక్కి తిరిగి క్యూలో ఉన్న ఆమెను అడిగింది. హైమకు పళ్లు నూరుకోవడం తప్ప చేయగలిగింది కనిపించలేదు. ఆ మాటలు అబద్ధమని ఆమెకు తెలుసు. ఎవరిది అబద్ధమో నిరూపించడానికి మాత్రం ఆధారం లేదు. సూపర్‌వైజర్‌కు చెబితే, "వాళ్లు చెప్పింది రాయడమే మన పని మేడం," అన్నాడు.

"తర్వాత," అంది హైమ తలెత్తకుండా.

కుర్చీ కిర్రుమంది. కూర్చునే ముందు బల్ల అంచును పట్టుకున్న చేతిని చూసింది హైమ. మణికట్టు మీద పాత కాలిన మచ్చ, ఇనుప చువ్వంత వెడల్పున.

యశోద బల్ల వెనక ఎవరున్నారో అప్పుడే చూసింది. ఒక్క క్షణం లేచి వెళ్లిపోతుందేమో అనిపించింది. లేవలేదు. అంత దూరం బస్సులో వచ్చి, అంతసేపు క్యూలో నిలబడిన కాళ్లు అవి. చీర కొంగు సర్దుకుని, ముక్కు మొహం తెలియని మనిషిని చూసినట్టు సూటిగా చూసింది.

"పేరు?" అంది హైమ.

"యశోద."

"ఇల్లు?"

"మల్కాజిగిరి."

సూపర్‌వైజర్ ఆ వైపుకే వస్తున్నాడు. హైమ వేలు స్క్రీన్ మీద ఆగింది. అడగకుండా ఉండే దారి వెతికింది. లేదు.

"పుట్టిల్లు?"

"ఉట్నూరు దిక్కు," అంది యశోద. "అడవి పక్కన. అంత మంచి గాలే."

హైమ చేయి కదల్లేదు. యశోద ముందుకు వంగింది. గొంతు తగ్గించి, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడకుండా అంది.

"రాస్కో మేడం."

అక్క తనను మేడం అనడం హైమ జీవితంలో అదే మొదటిసారి. రాస్తే యశోద మళ్లీ పొయ్యి దగ్గర నిలబడుతుంది, మళ్లీ నవ్వుతూ ఫోన్ చేస్తుంది. వేసవి నాటికి కాలేయం పోతుంది. రాయకపోతే ఆ షట్టర్ ఇక లేవదు. ఉట్నూరు అని మూడక్షరాలు రాయాలంటే తాను ఈమెకు ఏమీ కాకుండా పోవాలి, అంతే. ఈ హాల్లో ఇంతమంది అబద్ధాల్లో నిరూపించగల అబద్ధం ఇదొక్కటే, దానికి ఆధారం తానే.

"అక్కా," అంది హైమ. గట్టిగానే అంది. సూపర్‌వైజర్ ఆగి వీళ్ల వైపు తిరిగాడు. "మనది రాగిగల్లి గదనే."

హాల్లో దగ్గరున్నవాళ్లు మాటలు ఆపేశారు. యశోద మొహంలో కోపం కూడా రాలేదు. వస్తే బాగుండు అనుకుంది హైమ. బల్ల పట్టుకుని, ఒక తుంటి తర్వాత ఇంకో తుంటి లేపి, నిలబడింది. హైమ లేచి చేయి చాచింది. యశోద ఆ చేతిని చూసి, బల్ల అంచునే పట్టుకుని పక్కకు జరిగింది. తర్వాత కుర్చీల వెనకలు ఒక్కొక్కటీ పట్టుకుంటూ, ఊగుతూ, గుమ్మం వైపు నడిచింది. హైమ వెళ్లబోయింది. సూపర్‌వైజర్ క్యూ వైపు చూపించాడు.

జరిగిందంతా చూసిన తర్వాతి మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమెదీ అదే ఒళ్లు, తుంటి మీద అదే చేయి. గోళ్ల చుట్టూ ఎంత కడిగినా పోని నలుపు.

"మాది ఆసిఫాబాద్ అవతల మేడం," అంది అడగకముందే. "అన్నీ చెట్లే."

ఆమెకు హైమ అక్కా కాదు, చెల్లీ కాదు. కాబట్టి రాసుకుంది.